బూరె ఊపిరి లెక్క

2021లో మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు కూకట్‌పల్లిలోని మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాం మా పిల్లిని. అమ్మిన అబ్బాయి ఫోన్‌లో ఫొటోలు చూపిస్తూ "ఇది ప్యూర్ పంచ్ ఫేస్ అక్కా, డాల్ ఫేస్ కావాలంటే సగం రేటుకే వస్తుంది" అన్నాడు. పంచ్ ఫేస్ అంటే ముక్కు కళ్ళ మధ్యకి నొక్కుకుపోయి, పక్కనుంచి చూస్తే మొహం గోడలా చదునుగా ఉండే పర్షియన్ పిల్లి. డాల్ ఫేస్‌కి ముక్కు కాస్త ముందుకి ఉంటుంది. నేను ఎక్కువ డబ్బు పెట్టి ముక్కు లేనిదాన్నే ఎంచుకున్నాను. తెనాలి నుంచి వచ్చి మాతోనే ఉంటున్న అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని "మొహం చూడవే, అప్పుడే నూనెలోంచి తీసిన బూరెలా ఉంది" అంది. అదే పేరైపోయింది.

బూరె నిద్రపోతే గురక పెట్టేది. గుప్పెడంత పిల్ల, సోఫా అంచున వెల్లకిలా పడుకుని పెద్ద మనిషిలా గురక పెడుతుంటే మేమంతా చుట్టూ చేరి వీడియోలు తీసేవాళ్ళం. చుట్టాల గ్రూపులో పెడితే అందరూ ముచ్చటపడేవారు. ఎడమ కన్ను ఎప్పుడూ కారుతూ ఉండేది, ముక్కు పక్కన తెల్లటి బొచ్చు మీద గోధుమరంగు చార కట్టేది. చలికాలం వస్తే తుమ్ములు, చిక్కటి చీమిడి. దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్తే "ఈ జాతికి ఇంతే మేడమ్" అని ఒక ఇంజక్షన్, ఐదు రోజుల మందు ఇచ్చేవారు. వారం బాగుండేది, మళ్ళీ మొదలు. రెండేళ్ళలో అలా ఆరుసార్లు తిరిగాను. ఒక్కసారైనా ఎవరూ దాని ముక్కు రంధ్రాల వైపు టార్చి వేసి చూడలేదు. నేనూ అడగలేదు. "ఇంతే" అన్న మాట నమ్మేశాను, ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

2023 మే నెలలో ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి గంటయిందట, అమ్మ ఆఫీసుకి ఫోన్ చేసింది. "అమ్మాయ్, పిల్లి కుక్కలా నోరు తెరిచి రొప్పుతోందే. నాలుక రంగు బాలేదు."

నేను వచ్చేసరికి బూరె బాత్రూమ్ గుమ్మం దగ్గర చల్లటి బండ మీద ముందుకాళ్ళు దూరంగా చాపి, మెడ ముందుకి పెట్టి కూర్చుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. నేను పరిగెత్తి ఎత్తుకోబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఎత్తుకోకే. ఊపిరి అందనప్పుడు ఎవరు ముట్టుకున్నా పీక పట్టుకున్నట్టే ఉంటుంది." అమ్మకి ముప్పై ఏళ్ళుగా ఉబ్బసం. అప్పటికే తడిగుడ్డతో నేల తుడిచి, కిటికీలు తీసి, విసనకర్ర పట్టుకుని దూరంగా కూర్చుంది. మా ఇంట్లో ఆ పిల్లి పడుతున్న బాధ తెలిసిన మనిషి అమ్మ ఒక్కతే అని నాకు అప్పుడే అర్థమైంది. దాన్ని బలవంతంగా పట్టుకోకుండా, బుట్ట మూత తీసి ముందు పెట్టి, అది ఎక్కాకే ఏసీ ఉన్న కారులో బయల్దేరాం.

ఈసారి వేరే ఆస్పత్రి. డాక్టరమ్మ నా మాటలు వినడానికి కూడా ఆగలేదు, ముందు దాన్ని ఆక్సిజన్ పెట్టెలో పెట్టించింది. పావుగంటయ్యాక నాలుక గులాబీ రంగుకి వచ్చింది. అప్పుడు చెప్పింది: "చూడమ్మా, కుక్క రొప్పడం వేరు, పిల్లి రొప్పడం వేరు. పిల్లి కూర్చున్నచోటే నోటితో ఊపిరి తీస్తోందంటే ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యకూడదు."

ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. న్యుమోనియా కాదు, పిల్లులకొచ్చే ఆస్తమా గుర్తులూ లేవు. గుండె కూడా బాగానే ఉంది. చిక్కంతా పైనే. ఆవిడ టార్చి వేసి చూపించింది. ముక్కు రంధ్రాలు ఉండాల్సిన చోట రెండు సన్నటి గీతలు. గోరుతో గీసినట్టున్నాయి. కుడివైపు గీత ఊపిరి తీసినప్పుడల్లా పూర్తిగా మూసుకుపోతోంది. మొహం చదునుగా రావాలని తరాల తరబడి ఎంపిక చేసి పెంచడంతో పుర్రె ఎముక పొట్టిదైపోయిందట, లోపలి మెత్తటి కండ మాత్రం ఆ మేరకు తగ్గలేదు. ముక్కులో చుట్టలుగా ఉండే పల్చటి ఎముకలు ఇరుక్కుపోతాయి. కన్నీళ్ళు ముక్కులోకి దిగే గొట్టం వంకర తిరుగుతుంది, అందుకే ఆ నీళ్ళన్నీ చెంప మీదకి కారతాయి. బ్రిటన్ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ముక్కు ఎంత పొట్టిగా ఉంటే ఊపిరి ఇబ్బంది అంత ఎక్కువ కనిపించిందని తర్వాత చదివాను. కళ్ళు కారడం, ఆటపాటలు తగ్గడం కూడా దానితో పాటే ఉన్నాయట. మేము శాంతస్వభావం అని మురిసిపోయింది ఇదే. పరిగెత్తడానికి దానికి ఊపిరి చాలేది కాదు.

ఇరుకు ముక్కుకి తోడు పిల్లులకొచ్చే హెర్పిస్ వైరస్ ఉంది. పిల్లగా ఉన్నప్పుడు ఎక్కడో అంటుకుని ఉంటుంది. ఇది ఒకసారి వస్తే ఒంట్లోంచి పూర్తిగా పోదు, మొహం నరాల్లో దాక్కుని, పిల్లి బెదిరినప్పుడో అలిసినప్పుడో మళ్ళీ లేస్తుంది. అమ్మ వెంటనే "నాకేమన్నా అంటుకుంటుందామ్మా?" అని అడిగింది. మనుషులకి రాదని చెప్పాక ఊపిరి పీల్చుకుంది. రెండు మందులు రాశారు. వైరస్‌కి ఫామ్‌సిక్లోవిర్, మనుషులకి సర్పి వస్తే ఇచ్చేదే. దాని వెనక చేరిన బ్యాక్టీరియాకి డాక్సీసైక్లిన్. డాక్సీసైక్లిన్ మాత్ర వేశాక సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్ళు తాగించి తీరాలట. పిల్లి గొంతులో మాత్ర ఆగిపోతే అన్నవాహిక కాలిపోయి ఇరుకైపోతుందట. ఇంతకుముందు ఆరుసార్లలో ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. బూరె తిండి ముట్టలేదు. ముక్కు మూసుకుపోతే వాసన తెలీదు, వాసన లేనిదే పిల్లి గిన్నెలో మూతి పెట్టదు. మనం జలుబు చేసినా పథ్యం అని చారన్నం తినేస్తాం, వాటికి అలా కుదరదు. రెండు మూడు రోజులు పస్తుంటే పిల్లి కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా చికెన్ ఉడకబెట్టి, మెత్తగా రుబ్బి, చేతి మణికట్టు మీద చుక్క వేసుకుని పసిపిల్లల పాలకి చూసినట్టు వేడి చూసి, సిరంజితో చెంప పక్కనుంచి కొంచెం కొంచెంగా పెట్టాను. మధ్యమధ్యలో ఆగాలి, నోట్లో ముద్ద ఉన్నంతసేపూ దానికి ఊపిరి ఉండదు కదా. ఒక్కో పూట నలభై నిమిషాలు పట్టేది.

అమ్మ విక్స్ డబ్బా తీసింది, ఛాతీకి కాస్త రాద్దామని. వద్దన్నాను. కర్పూరం, నీలగిరి తైలం పిల్లులకి విషం. పారాసెటమాల్ అయితే ఒక్క మాత్రే చాలు చావడానికి. తెలియక జ్వరమని వేసేవాళ్ళున్నారు, దయచేసి ఎవరూ ఆ పని చెయ్యొద్దు. దానికి బదులు అమ్మ నెబ్యులైజరే పనికొచ్చింది. మందేమీ లేదు, ఉత్త సెలైన్. బూరెని బుట్టలో కూర్చోబెట్టి, పైన పాత దుప్పటి కప్పి, అంచులోంచి గొట్టం లోపలికి పెట్టేదాన్ని. రోజుకి రెండుసార్లు, పది నిమిషాలు. మొదటిరోజు మోటారు చప్పుడుకి బెదిరిపోయింది. అమ్మ బుట్ట పక్కనే నేల మీద కూర్చుని "నాకూ ఇదేనే తల్లీ, కళ్ళు మూసుకుని పీల్చుకో" అని మాట్లాడుతూనే ఉంది. నాలుగో రోజుకి బూరె దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికి చాపి అమ్మ వేలిని పట్టుకుని పీల్చుకోవడం నేర్చుకుంది. ఆవిరయ్యాక చీమిడి మెత్తబడేది. దూదిని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, ముక్కు మీద కాసేపు ఆనించి, గట్టిపడిన పొక్కు నానాక పైకి కాకుండా పక్కకి తుడవాలి. గోకితే రక్తం వస్తుంది. తొమ్మిదో రోజు పొద్దున గిన్నె దగ్గరికి తనంతట తానే వచ్చి వాసన చూసింది. అమ్మా నేనూ వంటింట్లో కదలకుండా నిలబడిపోయాం.

ముక్కు రంధ్రాలు పెద్దవి చేసే ఆపరేషన్ ఆగస్టులో జరిగింది, వానలు పడి ఎండ తగ్గాక. చదును మొహం పిల్లులకి మత్తు ఇవ్వడంలోనే అపాయం ఎక్కువ. నిద్రపుచ్చేటప్పటికంటే లేచేటప్పుడు ఇంకా భయం. పూర్తిగా మెలకువ వచ్చేదాకా గొంతులో గొట్టం తియ్యబోమని చెప్పి సంతకం పెట్టించుకున్నారు. రంధ్రం అంచునుంచి చీలికలా చిన్న ముక్క కోసి, రెండేసి కుట్లు వేశారు. అదే మత్తులో అంగిలి వెనకభాగం కూడా చూశారు, అది బాగానే ఉంది. బయట బెంచీ మీద అమ్మ ఇన్‌హేలర్ చేతిలో పట్టుకుని రెండు గంటలు ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంది. ఆ రాత్రి మెడకి ప్లాస్టిక్ కాలర్‌తో బూరె నా కాళ్ళ దగ్గర పడుకుంది. గురక వినపడలేదు. నాకు నిద్రలోంచి మెలకువ వచ్చి, భయపడి లేచి, దాని పొట్ట మీద వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. చప్పుడు లేకుండా.

ఆపరేషన్‌తో అంతా తీరిపోలేదు, అది కూడా చెప్పాలి. ఎముక నిర్మాణం మారదు, వైరస్ పోదు. ఆ ఏడు దీపావళి పొగకి మళ్ళీ వారం రోజులు పట్టేసింది. పక్క ఫ్లాట్‌వాళ్ళు రంగులు వేయించినప్పుడు ఒకసారి, అమ్మ ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజులకీ బెంగపడి ఒకసారి. కానీ నోరు తెరిచి రొప్పడం మళ్ళీ ఒక్కసారి కూడా జరగలేదు. ఇంట్లో అగరొత్తులు, దోమల చుట్ట మానేశాం. శుక్రవారం సాంబ్రాణి వెయ్యకపోతే అమ్మకి తోచదు, అయినా తనే మానేసి, ఆ పూట గుడికి వెళ్ళి వస్తోంది. నిజానికి ఆ పొగ తనకీ పడేది కాదు, ఇన్నేళ్ళూ ఓర్చుకుంది. అది దొడ్డికెళ్ళే తొట్టిలో మట్టి పొడి లేచే లిట్టర్ తీసేసి చెక్కపొట్టు గుళికలు పోస్తున్నాం. మెడపట్టీ లేదు. ఎండాకాలం పొట్ట మీద బొచ్చు కత్తిరిస్తాం, మధ్యాహ్నం ఒక గదిలో ఏసీ దానికోసమే ఆన్‌లో ఉంటుంది. బరువు మూడున్నర కిలోలు దాటనివ్వం, మెడ దగ్గర కొవ్వు చేరితే ఉన్న దారీ ఇరుకవుతుంది.

డాక్టరమ్మ నేర్పిన లెక్క మాత్రం రోజూ రాస్తాను. గాఢనిద్రలో ఉన్నప్పుడు, కల కంటూ మీసాలు అదరనప్పుడు, ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటి. అరనిమిషం లెక్కపెట్టి రెండింతలు చెయ్యాలి. నిమిషానికి ముప్పై దాటకూడదు, వరసగా దాటుతుంటే ఫోన్ చెయ్యాలి. ఆపరేషన్‌కి ముందు ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది ఉండేది. చుట్టాలు ఎవరైనా ఇప్పుడు అలాంటి పిల్ల కావాలని అడిగితే, ముక్కు ఉన్నదాన్ని తెచ్చుకోమని, వీలైతే వీధిపిల్లినే పెంచుకోమని బతిమాలుతున్నాను. బూరె మీద ప్రేమ తగ్గి కాదు. దాని పాత వీడియోలు నేను ఇప్పుడు చప్పుడుతో చూడలేను.

నిన్న రాత్రి అమ్మ మంచం మీద, అమ్మ మోచేతి ఒంపులో పడుకుంది. పక్కన నెబ్యులైజర్ పెట్టె, దాని మీద మా నోట్‌బుక్కు. అమ్మ నిద్రలోనే "ఎంతే?" అని అడిగింది.

"ఇరవై ఆరమ్మా. పడుకో."