నాలుగు గోనె సంచులు

ఆదివారం, రాత్రి పదిన్నర

ఎడమ భుజం పట్టేసింది. బామ్ రాసుకొని, వేడినీళ్ల కాపడం పెట్టుకొని కూసున్న. పుస్తకాల బరువు మోసినోళ్లకే తెలుస్తది. వడ్ల సంచి భుజం మీద సర్దుకుంటది. పుస్తకాల సంచి అట్ల కాదు, అట్టల మూలలు ఎక్కడికక్కడ గుచ్చుతయి. అయినా ఈ రోజు సంగతి రాయకుండ పండుకుంటే నిద్ర పట్టదు.

గురువారం మా నల్లగొండ పక్కనున్న పానగల్లు నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, మా మామ పోయి ఆర్నెల్లయింది. పాతిల్లు తీసేస్తున్నం. అటుక మీద పుస్తకాలున్నయి. మీ పుస్తకాల సంఘమోళ్లు తీసుకుంటరని చెప్పిన్రు. ఆదివారం దాకా చూస్తం, లేకుంటే పాతసామాన్ల బండికి ఏస్తం" అన్నది ఒకామె. ఆమెను తప్పు పట్టలేను. ఇల్లు కూలగొట్టే మేస్త్రి నెత్తి మీద నిలబడి కూలీ లెక్క చెప్తుంటే, అటుక మీది పుస్తకాలు యాదికొచ్చి ఫోన్ చేసింది. ఎంతమంది చేస్తరు?

పొద్దున ఏడింటికి ట్రాలీ ఆటో మాట్లాడుకొని పోయినం. పోయి రావడానికి 350 రూపాయలు. ఉదయసముద్రం చెరువు మీద మంచు ఇంకా విడవలే. సారు మఫ్లర్ చుట్టుకొని ముందు సీట్ల కూసున్నరు. సారంటే మా సంఘం కార్యదర్శి, తెలుగు పండిట్‌గ రిటైరయినరు, డెబ్బై దాటినయి. అటుక ఎక్కింది మా తమ్ముడు. సొంత తమ్ముడు కాదు, గ్రూప్స్‌కు చదువుకుంటున్న పిల్లగాడు. బుధవారం, ఆదివారం మా లైబ్రరీ గది తాళం తీసేది ఆయనే. అటుక మీది నుంచి ఒక్కొక్క కట్ట అందిస్తుంటే కింద నేను పట్టుకున్న. దుమ్ముకు కళ్లు మండినయి. చెదలు ఒక మూలకే పట్టింది, అదృష్టం. నాలుగు గోనె సంచులు నిండినయి.

మా గది క్లాక్ టవర్ కాడి గల్లీల, మెట్లెక్కితే పైన. ఒకటే గది, ఆరు బీరువాలు, ఒక పొడుగు బల్ల. కిరాయి నెలకు 2,500. సభ్యులం 41 మందిమి, తలకు యాభై. అందరూ ఇచ్చిన నెల కూడ 2,050 దాటదు. తక్కువ పడ్డది నలుగురం వేసుకుంటం. ఈ లెక్క నాదే, కోశాధికారిని కాబట్టి. జిల్లా గ్రంథాలయం ఉండంగ మీకు ఇదంతా ఎందుకని మా చుట్టాలు అడుగుతుంటరు. అక్కడ కుర్చీ కుర్చీకి ఒక పోటీ పరీక్షల పిల్లగాడున్నడు, ఉండాల్సిందే, ఆ పిల్లల బతుకులు దాని మీద ఉన్నయి. మా కాడికి వచ్చేటోళ్లు వేరే. కూరగాయల సంచితోని వచ్చి ఒక నవల సంచిల ఏసుకొని పోయే అక్కలు, ఎనిమిదో తరగతి పిల్ల, రాత్రి డ్యూటీ వాచ్‌మెన్ అన్న.

సంచులు పైకి చేర్చి ఒక్కొక్కటే బల్ల మీద గుమ్మరించుడు మొదలుపెట్టినం. మూడు కుప్పలు చేస్తం ఎప్పుడైనా: ఉంచేటివి, వేరేటోళ్లకు ఇచ్చేటివి, కాటాకు పోయేటివి. మూడో కుప్ప కాడనే మాకు లొల్లి. సారుకు పుస్తకం కాటాకెయ్యాలంటే చెయ్యి రాదు. ఈ రోజు లొల్లి ఆ ఇంటి మనుమల పాత గైడ్ల మీద.

"సారు, ఇందుల తెలంగాణకు పది జిల్లాలని ఉన్నది. ఇది చదివి ఎవడన్న పరీక్షకు పోతే మార్కు పోతది" అన్నడు తమ్ముడు.

"అప్పటి లెక్క అప్పటికి నిజమే గద బిడ్డా" అన్నరు సారు.

నేను తమ్ముడి దిక్కే ఉన్న. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయినయి, 2019లో 33. మన నల్లగొండ జిల్లానే మూడయింది: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాత గైడు బీరువాల పెట్టి పైన మన ముద్ర కొడితే, ఇది మంచిదేనని మనం చెప్పినట్టే. పదో తరగతి ఫెయిలై మళ్ల కట్టుకునే పిల్ల ఒకామె వచ్చి అది పట్టుకపోతే ఆ పాపం ఎవరిది? దానం వచ్చిన ప్రతి పుస్తకం ఉంచాలన్న మొహమాటం వల్లనే చిన్న చిన్న లైబ్రరీలు గోదాములయినయి. ఇది నేను సారు ముంగటనే అన్న. సారు కొంచెంసేపు మాట్లాడలే. తర్వాత "సరే, ఒక్కటి ఉంచున్రి, మ్యాపు మంచిగున్నది" అన్నరు. ఒక్కటి ఉంచినం. పూజ పుస్తకాలు, పంచాంగాలు గుడికి పంపుదమని పక్కకు పెట్టినం. చివరికి కాటాకు పోయింది 34 కిలోలు, కిలో 11 లెక్కన 374 రూపాయలు. ట్రాలీ ఖర్చు పోను 24 మిగిలినయి.

పదిన్నరకు బైండింగ్ భాయ్ వచ్చిండు. నాలుగేండ్లుగ నెలకొక ఆదివారం వస్తడు. దబ్బనం, మైనం పట్టించిన దారం, అట్టలు అతికించే మైదా లై డబ్బా. పురుగు పట్టకుండ లైల చిటికెడు మైలుతుత్తం కలుపుతడు. చిన్న పిల్లలు ముట్టుకోకుండ డబ్బా పై అరల పెట్టేది కూడ ఆయనే. చినిగిన పుస్తకం ఆయన చేతిల పడితే నాకు ధైర్యం. ఫారాలు, అంటే మడిచిన పేజీల కట్టలు, విడదీసి, వెనుకనున్న పాత సరేసు గీకి, ఒక్కొక్క ఫారం మడత కాడ కుట్టుకుంట పోతడు. ఆయన కుట్టిన పుస్తకం ఏ పేజీ కాడ తెరిచినా బల్ల మీద వెల్లకిలా పండుకుంటది. ఫోటోస్టాట్ దుకాణాలల్ల అతికించే బైండింగ్ రెండు సార్లు తెరిస్తే ఊడి చేతికొస్తది.

మూడో సంచి అడుగున, పాత పంచె ముక్కల చుట్టి ఒక పుస్తకం దొరికింది. సన్నటిది, వంద పేజీలు ఉంటయేమో. అట్ట లేదు. ఉర్దూ. నేను తెరిచింది కూడ తప్పు దిక్కు నుంచి.

భాయ్ అద్దాలు నుదుటి మీదికి తోసి, కండ్లకు దగ్గరగ పెట్టుకొని చూసిండు. "జుగ్రాఫియా, మేడం. భూగోళం. బడి పుస్తకం."

పోయిన పెద్దమనిషికి తొంభై దాటినయి. అంటే నిజాం కాలంల బడికి పోయిన పిల్లగాడు. అప్పుడు పై తరగతుల చదువు చాలావరకు ఉర్దూలనే. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918ల ఉర్దూ మాధ్యమంతోనే మొదలయింది. ఇంట్ల తెలుగు, బడిల ఉర్దూ. అచ్చు అక్షరాల పక్కన, అంచుల, పెన్సిలుతోని సన్నటి తెలుగు రాతలున్నయి. చిన్న పిల్లగాని రాత, ఒత్తులు పెద్దగ, గుడులు వంకరగ.

భాయ్ ఉర్దూ మాట చదువుడు, నేను పక్కన తెలుగు చదువుడు. షుమాల్, ఉత్తరం. జునూబ్, దక్షిణం. పహాడ్, గుట్ట. తాలాబ్, చెరువు. ఇద్దరం ఒకే పేజీ చదువుతున్నం, ఆయన కుడి నుంచి, నేను ఎడమ నుంచి. గదిల ఉన్నోళ్లందరు బల్ల చుట్టు చేరిన్రు. 'జజీరా' అన్నడు భాయ్. దాని పక్కన ఆ పిల్లగాడు 'ద్వీపం' అని రాయలే. 'చుట్టు నీళ్లు నడుమ ఊరు' అని రాసుకున్నడు. సముద్రం చూసి ఉండడు. చెరువు నిండి, కట్ట మీద నిలబడితే మధ్యల తేలిన దిబ్బ చూసి ఉంటడు. నా గొంతు పట్టుకుంది, తర్వాతి మాట చదవలేకపోయిన. ఎనిమిదో తరగతి పిల్ల నా చేతిల నుంచి తీసుకొని తను చదివింది.

సారు అప్పుడు బీరువా తెరిచి 'గోలకొండ కవుల సంచిక' తీసిన్రు. అసలుది కాదు, తర్వాత అచ్చేసింది. ఈ ముచ్చట సారు చాలాసార్లు చెప్పిన్రు గని ఈ రోజు విన్నట్టు ఎప్పుడూ వినలే. తెలంగాణల తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగ, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవుల పద్యాలు సేకరించి 1934ల అచ్చేసిన్రు. దానికి పన్నెండేండ్ల ముందే, 1922ల, మన నల్లగొండ నుంచి 'నీలగిరి' వారపత్రిక నడిచింది. 1931ల రెండో ఆంధ్ర మహాసభ మన దేవరకొండల జరిగింది. హైదరాబాదుల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టింది 1901ల. అప్పుడు తెలుగు పుస్తకాలకు ఒక గది అద్దెకు తీసుకొని, నలుగురు చందాలు వేసుకొని, దానికి తాళంచెవి ఎవరి దగ్గరుండాలె అని మాట్లాడుకున్నోళ్లు ఉన్నరు గద. అదే పని మేము చేస్తున్నమని అనను. వాళ్లకు సర్కారు భయం ఉండె, మాకు కిరాయి భయం. కాని తాళంచెవి ముచ్చట మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే అయి ఉంటది.

ఇంకోటి తోచింది. ఆ పిల్లగాడు ప్రతి మాటకు అర్థం రాసుకున్నడు. నా జమాఖర్చుల పుస్తకంల రోజూ నేను రాసే మాటలేంది? జమ, ఖర్చు, బాకీ, రసీదు. అన్నీ ఉర్దూల నుంచి వచ్చినవే. ఒక్కదాని పక్కన కూడ అర్థం రాసుకునే అవసరం నాకు రాలే. ఎప్పుడో ఎవరో నా బదులు రాసుకున్నరు.

పుస్తకాన్ని రిజిస్టర్ల ఎక్కించాలె. నంబరు 1,847. ఏ వర్గం? మా రిజిస్టర్ల కథలు, నవలలు, కవిత్వం, చరిత్ర, పిల్లలవి, ఇంగ్లీషు అని ఉన్నయి. ఉర్దూ అన్న గడే లేదు. నల్లగొండ నడిబొడ్డున ఉన్న పుస్తకాల సంఘం, పదకొండేండ్ల రిజిస్టరు, ఉర్దూకు గడి లేదు. స్కేలు పెట్టి గీసిన. ముద్ర మొదటి పేజీల కొడతం, ఎవరన్న ఆ పేజీ చింపితే ఆనవాలుండాలని ఇరవై ఏడో పేజీల కూడ కొడతం. ఇరవై ఏడు ఎక్కడ? పేజీ అంకెలు కూడ ఉర్దూవే. భాయ్ బొటనవేలుతోని తిప్పి, అంకె మీద వేలు పెట్టి చూపిండు, "రెండు, ఏడు." అక్కడ నీటి బొమ్మేదో ఉన్నది, నది కొండల నుంచి దిగి సముద్రంల కలిసేది. దాని మీద పడకుండ అంచున ముద్ర కొట్టిన.

"ఎవరు చదువుతరు మేడం దీన్ని, గ్రంథాలయ వారోత్సవాలల్ల బల్ల మీద పెట్టి చూపిద్దం" అన్నడు తమ్ముడు. మంచి మాటే, నవంబరు 14 దగ్గర్లనే ఉన్నది. నేను సరే అంటుండంగ భాయ్, దారం పంటితోని తెంపుకుంట, నా దిక్కు చూడకుండ అడిగిండు.

"మెంబర్ అయితే ఇంటికి తీస్కపోవచ్చునా?"

నాలుగేండ్లు. ఈ గదిల సగం పుస్తకాలు ఆయన చేతుల మీదుగ పోయినయి. వాటి వెన్నులు నిలబెట్టింది ఆయన. చాయ్ తాపినం, కూలీ ఇచ్చినం, ఇంటి మంచిచెడ్డ అడిగినం. మీరేం చదువుతరు భాయ్ అని ఒక్కరం అడగలే. ఏడో తరగతి దాకా ఉర్దూ మీడియం చదివిండట, ఈ సంగతి కూడ నాకు ఈ రోజే తెలిసింది. సభ్యులు తగ్గుతున్నరని ప్రతి మీటింగుల బాధపడేది నేనే. నెలనెలా నా ఎదురుంగ కూసొని పుస్తకం కుట్టిన మనిషి నాకు కనపడలే. సిగ్గనిపించింది. "తప్పయింది భాయ్, మేమే అడగాల్సుండె" అన్న. "అయ్యో, అదేంది మేడం" అన్నడు.

చందా ఆయన కూలీల పట్టుకొమ్మన్నడు. నేను వద్దన్న. కూలీ కూలీయే, చందా చందాయే. కూలీ చేతిల పెట్టిన, అందులకెళ్లి యాభై తీసి మళ్ల నాకిచ్చిండు. రసీదు రాసిన. నలభై రెండో సభ్యుడు. పుస్తకం మాత్రం వారోత్సవాలు అయినంక ఇస్తమని సారు అంటే, ఒక్క వారం ఇంట్ల చూసుకొని ఆలోపే తెస్తనన్నడు. మనుమరాలికి చూపించాలెనట. సారు ఒప్పుకున్నరు. ఇచ్చే ముందు తమ్ముడు అన్ని పేజీలు ఫోన్ల ఫోటోలు తీసి పెట్టుకున్నడు. ఆ కోడలికి కూడ పంపించిన, 'చుట్టు నీళ్లు నడుమ ఊరు' ఉన్న పేజీ. ఇంకా చూసినట్టు లేదు.

ఇష్యూ రిజిస్టర్ల భాయ్ ఉర్దూల సంతకం పెట్టిండు. గడి ఆ చివర నుంచి మొదలుపెట్టి ఈ చివరకు వచ్చిండు. పాత పంచె ముక్కలనే మళ్ల చుట్టి, టూల్సు సంచిల లైకి దూరంగ పెట్టుకున్నడు.

నాలుగో సంచి ఇంకా విప్పలే. బుధవారం చూడాలె.