‘తీసుకోవడానికి’, ‘తీసుకున్నట్టు’: మాష్టారు చెప్పిన ఇంగ్లీషు వ్యాకరణం

మన పాఠశాలలో మాకు తొమ్మిది, పది తరగతుల్లో ఇంగ్లీషు చెప్పిన మాష్టారు ఇన్ఫినిటివ్ (‘టు టేక్’ లాంటి ‘టు’ రూపం), జెరండ్ (‘టేకింగ్’ లాంటి ‘ఇంగ్’ రూపం) పాఠాన్ని క్రియల జాబితాతో మొదలుపెట్టలేదు. వాంట్, హోప్, డిసైడ్, రెఫ్యూజ్ తరువాత ‘టు’ వస్తుందని, ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్, మైండ్ తరువాత ‘ఇంగ్’ వస్తుందని వల్లె వేయించే పద్ధతి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆయన మాత్రం నల్లబల్ల మీద రెండు తెలుగు వాక్యాలు రాశారు: ‘అతడు డబ్బు తీసుకోవడానికి ఒప్పుకున్నాడు’, ‘అతడు డబ్బు తీసుకున్నట్టు ఒప్పుకున్నాడు’. మొదటి దానిలో డబ్బు ఇంకా చేతులు మారలేదు. రెండో దానిలో మారిపోయింది. ఇంగ్లీషులో మొదటిది ‘హి అగ్రీడ్ టు టేక్ ద మనీ’, రెండోది ‘హి అడ్మిటెడ్ టేకింగ్ ద మనీ’. జరగవలసిన పనికి ‘టు’, జరిగిపోయిన పనికి ‘ఇంగ్’ అన్నది ఆయన మాకిచ్చిన మొదటి ఆనవాలు. ‘టు’ పుట్టుకలో ‘వైపు’ అనే అర్థం ఉందని, అందుకే అది ఎక్కువగా ముందున్న పనిని చూపిస్తుందని కూడా చెప్పారు.

అసలు చిక్కు మన ‘డం’తో వస్తుందని ఆయన గట్టిగా హెచ్చరించేవారు. ‘తాళం వేయడం మరిచిపోయాను’ అనే వాక్యంలో ‘వేయడం’ కనబడగానే తెలుగు పిల్లవాడి చేయి ‘ఐ ఫర్గాట్ లాకింగ్’ అని రాసేస్తుంది. అది ‘తాళం వేసిన సంగతి మరిచిపోయాను’ అన్నట్టవుతుంది. తాళం పడలేదని చెప్పాలంటే ‘ఐ ఫర్గాట్ టు లాక్’ అనే రాయాలి. ‘డానికి’, ‘నట్టు’ రెండూ చాలా వరకు దారి చూపుతాయి గాని, ‘డం’ను మాత్రం నమ్మకూడదు, అక్కడ ఆగి, పని జరిగిందా లేదా అని అడుగు అనేవారు. ట్రై విషయంలో మన తెలుగే మరింత తేటగా ఉంటుంది: ‘తెరవడానికి ప్రయత్నించు’ అయితే ‘ట్రై టు ఓపెన్’, ‘తెరిచి చూడు’ అయితే ‘ట్రై ఓపెనింగ్’.

నేను న్యాయస్థానంలో అనువాదకుడిగా చేరాక ఈ పాఠం విలువ పూర్తిగా తెలిసింది. సాక్షి ‘తలుపు వేసినట్టు గుర్తుంది’ అన్నాడనుకోండి. ‘ఐ రిమెంబర్ క్లోజింగ్ ద డోర్’ అని రాస్తే అతడి జ్ఞాపకం అతడిదిగానే ఉంటుంది. ‘ఐ రిమెంబర్డ్ టు క్లోజ్ ద డోర్’ అని రాస్తే మరిచిపోకుండా వేశానని, అంటే తలుపు వేయడం జరిగి తీరిందని అతడి నోట పలికించినట్టే. అనువాదకుడికి ఆ అధికారం లేదు. ఇలాంటి వాక్యం ఎదురైనప్పుడల్లా నేను ఇప్పటికీ ఆ తెలుగు ప్రత్యయాన్నే ముందు చూస్తాను.

ఈ ఆనవాలు అన్నిచోట్లా పనిచేయదని మాష్టారే మాకు చెప్పడం నాకు ఎంతో గౌరవం కలిగించిన విషయం. అవాయిడ్ తరువాత వచ్చే పని అసలు జరగనే జరగదు, అయినా అక్కడ ‘ఇంగ్’ తప్పదు. అలాంటివాటిని వాడుకగా గుర్తుపెట్టుకోవలసిందే అనేవారు. ‘లుక్ ఫార్వర్డ్ టు’ దగ్గర మరో పరీక్ష నేర్పారు. ‘టు’ తరువాత ఒక నామవాచకం పెట్టి చూడమన్నారు. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ లెటర్’ అన్నది నిలుస్తుంది కనుక అక్కడి ‘టు’ విభక్తి లాంటిది, దాని తరువాత ‘మీటింగ్’ అనే రావాలి, ‘మీట్’ రాకూడదు. ‘ఐ వాంట్ టు యువర్ లెటర్’ నిలవదు కనుక వాంట్ తరువాతి ‘టు’ వేరు. ‘అబ్జెక్ట్ టు’కు కూడా ఇదే పరీక్ష సరిపోతుంది.

ఈ సంచిక ఇప్పుడు మన బడిలో ఇంగ్లీషు చెబుతున్నవారి చేతికీ వెళుతుంది కనుక ఒక మనవి. సజెస్ట్‌కు దయచేసి ఒక పీరియడ్ పూర్తిగా కేటాయించండి. ‘నన్ను వెళ్ళమని సూచించారు’ అనే తెలుగు వాక్యం వెంట నడిచి ‘హి సజెస్టెడ్ మి టు గో’ అని రాసేవారు చదువుకున్నవారిలోనూ నాకు తరచుగా కనిపిస్తారు. అక్కడ ‘హి సజెస్టెడ్ దట్ ఐ గో’ అనాలి. అందరం కలిసి వెళదామన్న సూచన అయితే ‘హి సజెస్టెడ్ గోయింగ్’ సరిపోతుంది. ‘మి టు గో’ అన్న కూర్పు అడ్వైజ్‌కు చెల్లుతుంది గనుక, ఆ రెండు క్రియలను పక్కపక్కనే పెట్టి చెబితే పిల్లలకు తేడా తొందరగా పట్టుబడుతుంది.