పిన్ని పెరట్లో నాగమల్లి

మార్చిలో పిన్ని ఫోన్ చేసి "చెట్టు పోయిందే, ఒక్క ఆకు లేదు" అని ఒకటే గోల. ఆదివారం రాజమండ్రిలో రత్నాచల్ ఎక్కి, వైజాగ్‌లో దిగి, ఆటోలో పెదవాల్తేరు చేరాను. బీచ్, కైలాసగిరి ఎన్నిసార్లు చూడలేదు, ఈసారి పనల్లా నాగమల్లితోనే.

గేటు తీసేసరికి కొమ్మల చివర లేతాకులు! ఈ చెట్టు తీరే అంత, ఆకంతా ఒకేసారి దులిపేసి కొద్ది రోజుల్లోనే మళ్లీ వేసుకుంటుంది, ఏడాదిలో ఒకటికి రెండుసార్లు కూడా. పైన బోడిగా ఉన్నా కింద మొదలంతా పూలే, ఎందుకంటే ఇది కొమ్మలకి కాదు, మాను నుంచి వేలాడే పొడుగాటి కాడలకి పూస్తుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ దీని తల విరిచేసినా మళ్లీ పూసిందంటే అందుకే కాబోలు.

పొద్దున్నే ఒక పువ్వు దగ్గరగా చూశాను. ఆరు మందపాటి ఎర్రటి రేకులు, మధ్యలో చిన్న చక్రం, దాని మీదికి వంగిన గులాబీ పడగ. తేనె లేదు. పడగలోని పుప్పొడి తుమ్మెదలకి పెట్టే తాయిలమేనట, కాయ కట్టించే అసలు పుప్పొడి చక్రంలో ఉంటుంది, తాయిలం కోసం దూరిన తుమ్మెద ఒంటికి అంటుకుని పోతుంది. ఎంత తెలివి!

శివుడి పువ్వంటాం గానీ దీని సొంతూరు దక్షిణ అమెరికా. శాస్త్రీయ నామం పెట్టింది ఆబ్లే అనే ఫ్రెంచాయన, 1775లో. ఇదే చెబితే బాబాయి "ఎక్కడిదైతే ఏంట్రా, పడగ ఉందా లేదా?" అన్నారు.

కాయల సంగతి వేరు. ఫిరంగి గుండంత, గట్టి పెంకు. పోయిన శ్రావణంలో రాలిన కాయ ఒకటి రాయితో పగలగొట్టాను. తెల్లటి గుజ్జు గాలి తగలగానే నీలంగా మారింది, ఇక కంపు చెప్పక్కర్లేదు, స్నానం చేస్తే గానీ పిన్ని లోపలికి రానివ్వలేదు. అప్పటి నుంచీ ఆ చెట్టు కింద కుర్చీ వేయడం నిషేధం, కాయ నెత్తిన పడుతుందనో, నేను మళ్లీ పగలగొడతాననో.

తిరుగు ప్రయాణానికి పిన్ని నాలుగు పూలు కవర్లో పెట్టిచ్చింది. అనకాపల్లి వచ్చేదాకా బోగీ అంతా ఘుమఘుమ. తుని దాటేసరికి రేకులు ఒక్కొక్కటే ఊడిపోయాయి, పడగలు మాత్రం అలాగే ఉన్నాయి.