ఆడించకుండానే రివ్యూ చెప్పేశాను

నా ఛానెల్లో ఇప్పుడు కనిపించని వీడియో ఒకటుంది. పదకొండు నిమిషాలది. అందులో నేను మా పెరట్లో కొబ్బరిచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ‘టెన్ క్యాండిల్స్’ అనే హారర్ గేమ్‌ని ఉతికి ఆరేశాను. "చివరికి అందరూ చచ్చిపోతారని ముందే చెప్పేశారండీ, ఇంక టెన్షన్ ఎక్కడుంటుంది?" అని నవ్వాను కూడా. అప్పటికి ఆ గేమ్‌ని ఒక్కసారైనా ఆడించలేదు. పీడీఎఫ్ కొన్నాను, రెండు రాత్రులు చదివాను, మూడోనాడు కెమెరా ముందు కూర్చున్నాను.

ఈ ఆటలు తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. చేసిన పని ఫలించిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. మా నానమ్మకి ఇదంతా వివరిస్తే, "బుర్రకథేరా, కాకపోతే వంతవాళ్ళు కథకుడి మాట వినరు" అంది. అంత సులువుగా నేను ఏ వీడియోలోనూ చెప్పలేకపోయాను.

మాది అమలాపురానికి దగ్గర్లో, గౌతమి గట్టుకి ఆనుకున్న ఊరు. ఇక్కడ ఈ ఆటలు ఆడేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి మనుషుల్ని నేనే పోగేసుకున్నాను. రొయ్యల చెరువులున్న మా బావ, వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో ఇంటికొచ్చిన చెల్లి, డిగ్రీ చదివే తమ్ముడు, ఊళ్ళో హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. మాస్టారిది సముద్రం పక్క ఊరు, మా వీధిలో అద్దెకుంటారు.

మొదట ఆడించింది ‘కాల్ ఆఫ్ క్తుల్హు’. 1981లో వచ్చిన గేమ్, ఇప్పటికీ హారర్ అంటే ముందు చెప్పే పేరు అదే. మొదలుపెట్టడానికి సరిపడా రూల్స్ ఉచితంగానే దొరుకుతాయి. నూటికి ఎంత వస్తుందో చూసే పదిముఖాల పాచికలు మాకు లేవు. రెండు స్టీలు గ్లాసుల్లో సున్నా నుంచి తొమ్మిది దాకా చీటీలు వేసి, ఒక దాంట్లో పదులు, ఇంకో దాంట్లో ఒకట్లు తీశాం. 1920ల బోస్టన్‌లో జరిగే కథని తెచ్చి పాడుబడిన మండువా లోగిట్లో పెట్టాను. అక్కడ పాత పేపర్లు తిరగేస్తారు, ఇక్కడ కరణంగారి దస్తరం తిరగేశారు. భయంకరమైనది చూసినప్పుడల్లా పాత్రకి మతి కొంచెం కొంచెం తగ్గిపోవడం ఆ గేమ్‌కి ప్రాణం. "మతి పోవడానికి చీటీ తియ్యడం ఎందుకురా, రొయ్య రేటు చూస్తే చాలు" అన్నాడు బావ. ఆ రాత్రి ఎవరూ భయపడలేదు గానీ తెల్లారుజామున రెండింటిదాకా ఎవరూ ఇంటికి పోలేదు.

రెండోది ‘డ్రెడ్’, 2005 నాటిది. అందులో పాచికలే ఉండవు. 54 చెక్కముక్కలతో పేర్చిన జెంగా గోపురం ఉంటుంది, కష్టమైన పని చెయ్యాలంటే అందులోంచి ఒక ముక్క లాగాలి. గోపురం ఎవరి చేతిలో కూలితే వాళ్ళ పాత్ర కథలోంచి పోతుంది. కాగితం మీద ఎంత బాగుందో! కానీ మేం ఆడింది శ్రావణంలో. వానకి చెక్కముక్కలు ఉబ్బి ఒకదానికొకటి పట్టేశాయి. తమ్ముడు రెండు వేళ్ళతో లాగితే ముక్క రాకపోగా గోపురం మొత్తం ముందుకు జరిగింది, అయినా పడలేదు. చివరికి క్యారమ్స్ పౌడర్ చల్లాం. అప్పుడు మూడో ముక్కకే కూలింది. పకోడీ తిన్న చేతులతో ఎవరూ ముట్టుకోకూడదన్న రూల్ మాత్రం మేమే కనిపెట్టాం.

ఆ రెంటి గురించీ ఆడించాకే మాట్లాడాను. మూడోదానికి వచ్చేసరికి నేను చదివితే చాలు, నాకు తెలిసిపోతుంది అన్న ధీమా వచ్చింది. అదే ఆ పదకొండు నిమిషాల వీడియో.

అది చూసి మాస్టారు ఒక్కటే అడిగారు. "ఎంతమందితో ఆడించారండీ?"

నేను నీళ్ళు నమిలాను. ఆయన మళ్ళీ అడగలేదు. రూల్స్ ఏంటో చెప్పమన్నారు, చెప్పాను. బల్ల మీద పది కొవ్వొత్తులు వెలుగుతుంటాయి, గదిలో వేరే వెలుతురు ఉండదు. మొదట్లో ఆటగాళ్ళందరికీ కలిపి పది పాచికలుంటాయి. వేసినప్పుడు ఒక్కదాని మీదైనా ఆరు పడితే పని జరిగినట్టు. ఒకటి పడ్డ పాచికలు ఆ సీను అయ్యేదాకా పక్కకి పోతాయి. ఒక్క ఆరు కూడా పడకపోతే ఒక కొవ్వొత్తి ఆర్పాలి, అక్కడితో సీను అయిపోతుంది. తర్వాతి సీనుకి ఎన్ని కొవ్వొత్తులు మిగిలితే అన్నే పాచికలు. ఆరిన కొవ్వొత్తుల లెక్కన కథ నడిపేవాడికి పాచికలు పెరుగుతుంటాయి. ఒక్క కొవ్వొత్తి మిగిలేదాకా మామూలుగా ఎవరికీ చావు రాదు. ఆ తర్వాత ఎవరూ బతకరు.

మాస్టారు పిల్లల స్లిప్ టెస్ట్ పేపరు వెనక లెక్క వేసి చూపించారు. పది పాచికలుంటే ఆరు పడే అవకాశం దాదాపు 84 శాతం. అయిదుంటే 60. మూడుంటే 42. ఒక్కటే అయితే 17 కూడా లేదు. "చస్తారని ముందే తెలిస్తే టెన్షన్ ఉండదన్నారు కదండీ. నాకైతే ఈ అంకెలు చూస్తుంటేనే అరచేతులు చల్లబడుతున్నాయి" అన్నారు. నేను పుస్తకమంతా చదివాను గానీ ఈ జారుడు నా కంటికి ఆనలేదు. అయినా వీడియో అప్పుడే తీసెయ్యలేదు. పరువు ఒకటి ఏడ్చింది కదా.

ఆడిద్దాం అనుకున్నాక నాకో గొప్ప ఆలోచన వచ్చింది. గేమ్‌లో లోకం హఠాత్తుగా చీకటైపోతుంది. మా కోనసీమలో చీకటంటే అందరికీ గుర్తొచ్చేది 1996 నవంబరు 6. ఆ రాత్రి తుఫానుకి వెయ్యి మందికి పైగా పోయారు, తోటలకు తోటలు నేలకొరిగాయి. కథని ఆ రాత్రిలో పెడితే ఎవరికీ ఏమీ వర్ణించక్కర్లేదు అనుకున్నాను.

ఈ గేమ్‌లో ఆట మొదలవకముందే ప్రతివాళ్ళూ తమ పాత్ర ఆఖరి మాటలు ఫోన్‌లో రికార్డు చెయ్యాలి. చెల్లి చేసింది, తమ్ముడు చేశాడు. ఫోను మాస్టారికి ఇచ్చాను. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, "ఒక్క నిమిషమండీ" అని బయటికి వెళ్ళారు. ఇరవై నిమిషాలైనా రాలేదు. సిగరెట్టుకి వెళ్ళారేమో అనుకున్నాను. అసలు ఆయనకి సిగరెట్టు అలవాటే లేదు. అప్పుడు బావ చెప్పాడు, ఆ తుఫానులో మాస్టారి అన్నయ్య చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదని. ఏడాదిన్నరగా మా ఇంట్లో కాఫీ తాగుతున్న మనిషి గురించి నాకు ఆ మాట తెలియదు.

ఇంకో వీడియోలో నేను ‘ఎక్స్ కార్డు’ని కూడా వెక్కిరించి ఉన్నాను. జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన తయారుచేసిన పద్ధతి అది. బల్ల మధ్య ఎక్స్ గుర్తు వేసిన కార్డు ఒకటి ఉంటుంది, ఎవరికి ఇబ్బంది అనిపించినా దాన్ని ముట్టుకుంటే చాలు, ఎందుకని అడక్కుండా ఆ విషయం వదిలేసి ముందుకి పోవాలి. "దెయ్యాల ఆటకి అనుమతి పత్రమా?" అని నా జోకు. ఆ రాత్రి ఆట ఆపేసి, టీ పెట్టించి, మాస్టారిని ఇంటిదాకా దింపి వచ్చాను. దారిలో ఆయన రేపటి క్లాసు గురించి మాట్లాడారు. నేను సారీ చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచి, మా గేటు దగ్గరకి తిరిగొచ్చాక మెసేజ్ పెట్టాను. ఇంటికొచ్చి రెండు వీడియోలూ తీసేశాను.

రెండు వారాల తర్వాత మాస్టారే అడిగారు, మళ్ళీ ఎప్పుడని. ఈసారి కథ ముక్తేశ్వరం రేవు దగ్గర. ఆఖరి పంటు వెళ్ళిపోయింది, అవతల కోటిపల్లి దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి, ఇక తెల్లారదు. ఇస్పేటు జాకీ మీద స్కెచ్ పెన్నుతో ఎక్స్ గీసి బల్ల మధ్య పెట్టాను. ఆ ముక్క ఆ రాత్రి ఒక్కసారే పనికొచ్చింది. గోడ మీద బల్లి గురించి నేను వర్ణన అందుకోగానే చెల్లి దాని మీద అరచెయ్యి వేసింది. బల్లి పోయింది, కథ నడిచింది.

కొవ్వొత్తులు అమలాపురంలో డెకరేషన్ సామాను షాపులో, పాచికలు ఫ్యాన్సీ షాపులో లూడోవి కొన్నాను. చోటు మా మండువాలో. ఫ్యాను వెయ్యడానికి లేదు, పైన ఆకాశం. మొదటి కొవ్వొత్తి ఆర్పాల్సి వచ్చినప్పుడు తమ్ముడు ఊదబోయాడు. గదిలోంచి నానమ్మ కేకేసింది: "దీపాన్ని నోటితో ఊదుతావురా? గిన్నె బోర్లించు. ఆరిపోయిందని కూడా అనకండి, కొండెక్కింది అనండి."

కొవ్వొత్తికి ఇదంతా వర్తిస్తుందా అని ఎవరూ వాదించలేదు. చిన్న గిన్నె బోర్లించాడు. "కొండెక్కింది" అన్నాడు. నవ్వాం. ప్రతి కొవ్వొత్తి తర్వాతా ఆ లోకం గురించి వంతులవారీగా నిజాలు చెప్పాలి, మొదటిది ఎప్పుడూ లోకం చీకటైందనీ, చివరిది అందరూ కలిసి "మనం బతికే ఉన్నాం" అనీ. మూడో కొవ్వొత్తికి నవ్వు ఆగిపోయింది. అయిదోదానికి "కొండెక్కింది" అన్న మాట నలుగురి నోటా ఒకేసారి, చాలా మెల్లగా వచ్చింది. అది పుస్తకంలో లేదు. గాలికి ఆరినా సీను ముగిసినట్టే అన్న రూల్‌ని వీడియోలో చాదస్తమన్నాను. ఆరోది అలాగే పోయింది, బావ మాట మధ్యలో, కాలవ మీంచి వచ్చిన గాలికి. బావ ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.

రికార్డింగ్‌కి ముందు నా బెంగంతా శబ్దం గురించే. మా ఇంటి వెనక బావ చెరువుల్లో నీళ్ళకి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా దడదడలాడతాయి. ఒక్క గంట ఆపమన్నాను. "ఆపితే నీ వీడియోలో మనుషులు కాదురా, నా రొయ్యలు చస్తాయి" అన్నాడు. నిజమే, రాత్రిపూట నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. సరే, తలొకరి ముందూ ఒక ఫోను పెట్టి గొంతులు విడివిడిగా రికార్డు చేశాను.

నాలుగు కొవ్వొత్తులు మిగిలినప్పుడు కరెంటు పోయింది. మాకు లైట్లు ముందే లేవు, కాబట్టి తెలిసింది చెవులకే. ఏరియేటర్లు ఆగిపోయాయి. రెండు గంటలుగా వింటున్నామని కూడా మర్చిపోయిన శబ్దం ఒక్కసారిగా లేకుండా పోయింది. కప్పలు కూడా ఆగాయనిపించింది. చెల్లి బావ చొక్కా పట్టుకుంది. బావ మాత్రం గాలిలోకి మెడ సాచి జనరేటర్ కోసం వింటున్నాడు. చెరువు గట్టు మీద కుర్రాడు దాన్ని స్టార్ట్ చేసేదాకా ఎవరూ ఊపిరి తీసినట్టు లేదు.

ఆఖరి కొవ్వొత్తి దగ్గర ఒక్కొక్కరే పోయారు. అదీ కొండెక్కాక, చీకట్లో, ముందు రికార్డు చేసిన మాటలు వినిపించాను. చెల్లిది సినిమా డైలాగులా ఉంది. మాస్టారిది ఇలా ఉంది: "బీరువా తాళం బియ్యం డబ్బాలో పెట్టాను. పాలవాడికి నెల డబ్బులు ఇచ్చేశాను, మళ్ళీ అడిగితే ఇవ్వకు." అంతే. ఎవరూ కదల్లేదు.

"అయిపోతే లైటు వెయ్యండర్రా, దోమలు పీకేస్తున్నాయి" అంది నానమ్మ.

ఎడిటింగ్‌కి కూర్చుంటే బొమ్మలో ఏమీ లేదు. మెడలూ చేతులూ, ఫోకస్ దొరక్క కొట్టుకునే ఫోను, మిగతా అంతా గింజలు గింజలుగా నలుపు. బల్ల దగ్గర ఇంత పనిచేసిన ఆట తెర మీద ఇంత పేలవంగా ఉంటుందనుకోలేదు. హోరు తీసేసే ఫిల్టర్ వేస్తే అందరూ నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది. తీసేశాను. ఏరియేటర్ల దడదడ అలాగే ఉంచాను, లేకపోతే అది ఆగిన చోటు ఎవరికీ తెలియదు. కొత్త రివ్యూ మొదటి వాక్యం: "దీన్ని ఒక్కసారి, నలుగురితో, ఫ్యాను లేని చోట ఆడించాను." లోపాలూ చెప్పాను. మనుషులు సరిగ్గా కుదరకపోతే ఆట ఏడుపుగొట్టుగా సాగుతుంది, పొద్దుపోయాక మొదలుపెడితే చివరి మూడు కొవ్వొత్తులకి నిద్ర ముంచుకొస్తుంది, వారం వారం ఆడేది కాదు.

మాస్టారి రికార్డింగ్ పెట్టమంటారా అని అడిగాను. "వద్దండీ. నాకు మాత్రం వాట్సాప్ చెయ్యండి" అన్నారు. వీడియోలో ఆ చోట ఖాళీ నలుపు ఉంచాను.

మర్నాడు స్కూలుకి వెళ్తూ మా గేటు దగ్గర సైకిలు ఆపారు. "మా ఆవిడ విందండీ ఆ రికార్డింగు. పాలవాడికి నిజంగానే ఇచ్చేశారా అని అడిగింది."

"ఇచ్చారా?"

"లేదండీ. ఇప్పుడు అటే వెళ్తున్నాను."