నాన్న ఉంగరం

మా నాన్న పెళ్లి ఉంగరం వేలికి ఇరుక్కుపోయి, చివరికి కంసాలి దగ్గర కోయించాల్సి వచ్చింది. లావెక్కాడులే అనుకున్నాం. చెప్పుల సైజు 8 నుంచి 10కి వెళ్లింది, యాభై దాటాక పాదం పెరగడమేంటని ఒక్కరికీ అనుమానం రాలేదు, నాతో సహా. గురకైతే పక్కింటికి వినపడేది. షుగర్ వచ్చింది, మాత్రలు వేసినా దిగదు, పైగా చేతులు తిమ్మిర్లు. ఒక్కో బాధకీ ఒక్కో డాక్టరు, ఒక్కో చీటీ.

ఆఖరికి పట్టుకున్నది పళ్ల డాక్టరు! కింది పళ్ల మధ్య సందులు, ముందుకొచ్చిన దవడ చూసి, పాత ఫోటో ఏదైనా ఉంటే తెమ్మన్నారు. పెళ్లి ఫోటో పక్కన పెట్టి చూస్తే మాకే వణుకొచ్చింది. ముక్కు, పెదవులు, నుదురు అన్నీ మారిపోయాయి, రోజూ చూసే కళ్లకి తెలియలేదంతే.

దీని పేరు అక్రోమెగలీ. మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది, అందులో వచ్చిన చిన్న గడ్డ (క్యాన్సర్ కాదు, ముందే చెప్తున్నా, మేం రెండు రోజులు టెన్షన్‌తో నిద్రపోలేదు) గ్రోత్ హార్మోన్‌ని అదేపనిగా వదులుతుంది. పెద్దయ్యాక ఎముకలు పొడవు పెరగలేవు కాబట్టి మందం అవుతాయి. అదే చిన్నప్పుడొస్తే మనిషి విపరీతంగా పొడుగవుతాడు. ముందు రక్తంలో ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే ఇదీ పెరుగుతుంది) చూశారు, తర్వాత 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి మళ్లీ మళ్లీ రక్తం తీశారు. మామూలుగా గ్లూకోజ్ తాగాక గ్రోత్ హార్మోన్ తగ్గిపోవాలి, నాన్నకి తగ్గలేదు. ఆపరేషన్ ముక్కులోంచే చేశారు.

ఇప్పుడు గురక తగ్గింది, షుగర్ మాత్రలు సగమయ్యాయి. దవడ మాత్రం అలాగే ఉంది, పెరిగిన ఎముక వెనక్కి రాదట. ఉంగరం ముక్కలు అమ్మ బీరువాలో కుంకుమ భరిణెలో దాచింది.