ట్రాక్ డే ముందు ఆదివారం

పొద్దున్నే నా పోలో కారుని మూసాపేటలో మెకానిక్ షెడ్డులో పెట్టేశాను. వచ్చే శనివారం చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ డే, అంటే ఎవరి కారు వాళ్లు రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజు. 3.7 కిలోమీటర్ల ట్రాక్, 12 మలుపులు. ఇదే కారు రేపు ఆఫీసుకి, శుక్రవారం నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, అద్దంకి మీదుగా చెన్నైకి, ఆదివారం మళ్లీ ఇంటికి. అందుకే ఏ పని చేయించినా నాది ఒకటే షరతు: ఆ తర్వాతి సోమవారం హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో కూడా కారు బుద్ధిగా నడవాలి.

మొదటి పని బ్రేక్ ఆయిల్. "అక్కా, ఇది ఇంకా నడుస్తది గదా, ఎందుకు మారుస్తున్నవ్?" అన్నాడు మెకానిక్ తమ్ముడు. రోడ్డు మీదైతే నడుస్తుంది, నిజమే. కానీ బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. నా కారులో వాడే డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ పట్టిన ఆయిల్‌కి ఆ హద్దు 155. ట్రాక్ మీద ప్రతి రౌండులో గట్టిగా బ్రేకులు కొడుతుంటే ఆ వేడి ఎంతోసేపు పట్టకుండానే వచ్చేస్తుంది. ఆయిల్ మరిగితే బుడగలు, బుడగలుంటే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది, కారు మాత్రం ఆగదు. ఇదంతా విని తనే మూత తీసి చూశాడు. ఆయిల్ కషాయం రంగుకి తిరిగింది. ఇక మాట్లాడకుండా నాలుగు చక్రాలకీ బ్లీడింగ్, అంటే పాత ఆయిల్‌ని, గాలి బుడగల్ని బయటికి తీసే పని, మొదలుపెట్టాడు. లోపల కూర్చుని పెడల్ తొక్కే పని నేనే అడిగి తీసుకున్నాను. "కొట్టు అక్కా... పట్టుకో... వదులు." చివరికి పెడల్ కాలికింద రాయిలా నిలబడినప్పుడు కలిగిన ధైర్యం ఇంకే పార్టు కొన్నా రాదు.

ముందు బ్రేక్ ప్యాడ్లు సగమే అరిగాయి. అయినా రాణిగంజ్ వెళ్లి కొత్తవి తెచ్చాను. ప్యాడ్ పలచబడేకొద్దీ వేడి దాన్ని నొక్కే కాలిపర్‌లోకి, అక్కణ్ణించి ఆయిల్‌లోకి త్వరగా దిగుతుంది. పాతవి పారేయలేదు, ఊళ్లో తిరగడానికి బోలెడు మిగిలాయి.

వీల్ బోల్టులు టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకి బిగించాం. పానా మీద కాలేసి తొక్కడానికి ఒప్పుకోలేదు. టైర్ల గాలి సంగతి అక్కడే చూడాలి: వేడెక్కితే ప్రెషర్ పెరుగుతుంది కాబట్టి ట్రాక్ మీద ప్రతి సెషన్ (ఒక విడత నడపడం) నుంచి రాగానే కొలిచి, కాస్త దించుకోవాలి.

తిరిగొస్తూ నెక్లెస్ రోడ్ పట్టుకున్నాను. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ రేసు కార్లు పరుగెత్తింది ఈ హుస్సేన్ సాగర్ ఒడ్డునే. ఫ్రెంచ్ డ్రైవర్ వెర్న్ గెలిచాడు. చుక్క పెట్రోలు లేని రేసుకి వేదికైన రోడ్డు మీద వెళ్తూ నేను ఆలోచిస్తున్నదంతా పెట్రోలు గురించే.

మధ్యాహ్నం అన్నం దగ్గర మా తమ్ముడితో దీని మీదే పెద్ద చర్చ. వాడి మాట: "అక్కా, 100 ఆక్టేన్ కొట్టిస్తే పికప్ పెరుగుతుంది." పెరగదు. ఆక్టేన్ అంటే పెట్రోల్లో ఉన్న బలం కాదు, నాకింగ్‌ని తట్టుకునే గుణం. టర్బో ఇంజన్లో ఒత్తిడికి, వేడికి కొంత పెట్రోలు, స్పార్క్‌తో మొదలైన మంట తన దగ్గరికి చేరకముందే తనంతట తాను అంటుకుంటే అది నాకింగ్. సెన్సర్ దాన్ని పసిగట్టి ఈసీయూకి, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి చెబుతుంది, ఈసీయూ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది, పవర్ తగ్గుతుంది. ఎక్కువ ఆక్టేన్ ఆ తగ్గుదలని ఆపుతుంది, అంతే. కంపెనీ ఈసీయూలో రాసిపెట్టిన లెక్కలో (మ్యాప్‌లో) లేని హార్స్‌పవర్‌ని తెచ్చి పెట్టదు.

పైగా ఇప్పుడు లెక్క మారింది. ఇదివరకు బంకులో మామూలు పెట్రోలు 91 ఆక్టేన్. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 వచ్చాక అదే 95 అయింది. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు సిలిండర్‌ని చల్లబరుస్తుంది కూడా. కాబట్టి 100తో ఉన్న తేడా దాదాపు సగం తగ్గింది. మరి నేను 100 ఎందుకు కొట్టిస్తున్నాను? నా పోలో ఈ20 నిబంధనలకు ముందు కారు. ఇథనాల్‌లో లీటరుకి శక్తి పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ, అదే పనికి ఇంజన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎక్కువ పోయాలి. మాటిమాటికీ ఫుల్ థ్రాటిల్‌లో నడిపే రోజున పెట్రోలు పంపుకీ, ఇంజెక్టర్లకీ కాస్త వెసులుబాటు ఇవ్వాలనిపించింది. ఇండియన్ ఆయిల్ వాళ్ల 100 ఆక్టేన్ పెట్రోలు ఎక్స్‌పీ100లో ఇథనాల్ లేదు, నాకు అదే ముఖ్యం.

హైదరాబాద్‌లోనే దాంతో ఫుల్ ట్యాంక్ చేయించడం మాత్రం డబ్బు తగలేయడమే. చెన్నై చేరేలోపు అదంతా హైవే మీదే అయిపోతుంది. అందుకే దారంతా మామూలు పెట్రోలు, చెన్నైలో దిగేసరికి ట్యాంక్ అడుగంటాలి, అక్కడ 100 ఆక్టేన్ ముప్పై అయిదు లీటర్లు. ఇరవై నిమిషాల సెషన్‌లో సుమారు ముప్పై కిలోమీటర్లు, ట్రాక్ మీద మైలేజీ నాలుగైదుకి పడిపోతుంది, అంటే సెషన్‌కి ఆరేడు లీటర్లు. నాలుగు సెషన్లకి సరిపోతుంది. 45 లీటర్ల ట్యాంక్ నింపేసి అనవసరపు బరువు మోయక్కర్లేదు. అలాగని ట్రాక్ మీద మరీ అడుగంటేదాకా నడపకూడదు, పొడుగు మలుపుల్లో పెట్రోలు పక్కకి పోయి పంపు గాలి పీలుస్తుంది.

తమ్ముడు విమాన పెట్రోలు మాట కూడా ఎత్తాడు. 100ఎల్ఎల్ అనే ఆ పెట్రోల్లో సీసం ఉంటుంది, ఆక్సిజన్ సెన్సర్, పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ రెండూ పాడవుతాయి. ఆ మాట అక్కడితో తుంచేశాను.

100 ఆక్టేన్‌కి అంత డబ్బు పెట్టే శక్తి లేనివాళ్లకి నేను చెప్పేది: మామూలు పెట్రోలుతో వెళ్లండి, కానీ బ్రేక్ ఆయిల్ మాత్రం మార్చి వెళ్లండి. అది వెయ్యి రూపాయల్లో అయిపోతుంది.

సాయంత్రం నాన్నగారు కారు ఇన్సూరెన్స్ పాలసీ కాగితాలు తీసి కూర్చున్నారు. "రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ కవర్ కావని రాశాడమ్మా, చూశావా?" అన్నారు. చూశాను. ట్రాక్ మీద ఏం జరిగినా బాధ్యత నాదేనని ఆయనతో స్పష్టంగా చెప్పాను, దానికోసం కొంత డబ్బు పక్కన పెట్టానని కూడా. ఆయన కాసేపు ఆలోచించి, హెల్మెట్ చూపించమన్నారు.

గురువారం రాత్రికి మిగిలినవి: డ్రైవర్ వైపు మ్యాటు, సీసాలు, డాష్‌బోర్డు మీది వినాయకుడు తీయాలి. స్టెప్నీ, జాకీ హైవేకి కావాలి కాబట్టి వాటిని ట్రాక్ దగ్గరే దింపుతాను. కారు ఆగిపోతే లాగడానికి తగిలించే టో హుక్ మాత్రం ఇప్పుడే ఓసారి బిగించి చూశాను, మర సరిగ్గానే పట్టింది.