తాటంకయుగళం: పున్నమి సాయంత్రం అమ్మవారి రెండు కమ్మలు

పున్నమి నాటి సాయంత్రం, పొద్దు గుంకే వేళకు, ఆకాశం బాగా కనబడే చోట ఉత్తరం వైపు తిరిగి నిలబడండి. రెండు చేతులూ బారజాపండి. ఎడమచేయి పడమట దిగిపోతున్న సూర్యుడి వైపు ఉంటుంది, కుడిచేయి తూర్పున పైకొస్తున్న చంద్రుడి వైపు. ఎడమ చెంప మీద ఇంకా వెచ్చదనం ఉంటుంది. కుడివైపు చంద్రుడికి అప్పటికి కాంతి కూడా సరిగా రాదు, నేలకు దగ్గరగా కాస్త ఎర్రబారి, మామూలుకన్నా పెద్దగా కనబడతాడు. ఇద్దరూ ఒకేసారి కనబడేది కాసేపే. ఆ కాసేపట్లో నా నోటికి దానంతట అదే వచ్చే నామం ఒకటుంది.

తాటంకయుగళీభూత తపనోడుపమండలా.

లలితా సహస్రనామంలో అమ్మవారి రూపాన్ని శిరస్సు నుంచి వర్ణిస్తూ వచ్చేటప్పుడు చెవుల దగ్గర వచ్చే నామం ఇది. తపనుడంటే సూర్యుడు. ఉడువులంటే నక్షత్రాలు, వాటికి నాథుడు ఉడుపుడు, అంటే చంద్రుడు. ఆ రెండు మండలాలనే జంట తాటంకాలుగా ధరించిన తల్లి అని అర్థం. తాటంకం అంటే మన కమ్మే. ఒకప్పుడు తాటాకు చుట్టి చెవికి పెట్టుకునేవారు. మన భాషలో తాటాకునూ కమ్మ అంటాం, చెవి నగనూ కమ్మ అంటాం, ఎంత ముచ్చటైన మాటో చూడండి.

చాలా ఏళ్ళు ఈ నామాన్ని అందమైన ఉపమానంగానే చదువుకుంటూ పోయాను. మా చెల్లెలి కూతురు అడిగిన ఒక్క ప్రశ్నతో అది నాకు మళ్ళీ కొత్తగా అర్థమైంది.

ఆ పిల్ల వైశాఖ పున్నమి నాడు పుట్టింది. విశాఖ నాలుగో పాదం, వృశ్చిక రాశి. జాతకం చూసిన ఒకాయన "రవిచంద్రులు ఎదురెదురుగా ఉన్నారు, పైగా చంద్రుడు నీచలో ఉన్నాడు, తల్లిదండ్రులకు పొసగదు" అని చెప్పి పంపారట. (గ్రహం బలం తగ్గే చోటును నీచ అంటారు, బలం ఎక్కువగా ఉండే చోటును ఉచ్చ అంటారు.) పెద్దవాళ్ళు ఆ మాట పిల్ల వినేలా అనుకున్నారు. ఏడో తరగతి చదివే పిల్ల ఒకరోజు నా పక్కన కూర్చుని, పెన్ను మూత తీస్తూ పెడుతూ అడిగింది. "పెద్దమ్మా, నేను పుట్టినప్పుడు సూర్యుడూ చంద్రుడూ ఎదురు తిరిగి ఉన్నారంట కదా. అందుకేనా అమ్మా నాన్నా పోట్లాడుకుంటారు?"

నాకు గుండె కలుక్కుమంది. ఎదురెదురుగా ఉండటం వేరు, ఎదురు తిరగడం వేరు. ఈ రెండింటికీ తేడా తెలియకుండా ఒక పసిదాని నెత్తిన ఎంత బరువు పెట్టామో అనిపించింది.

మన భాషలో ఎదురు అనే మాట ఎన్ని పనులు చేస్తుందో ఆలోచించండి. ఎదురు చెప్పడం ఉంది, ఎదురు తిరగడం ఉంది. కానీ ఎదురు చూడటం కూడా ఉంది, ఎదురెళ్ళి తీసుకురావడం ఉంది. పెళ్ళిలో మగపెళ్ళివారికి స్వాగతం పలికే వేడుక పేరే ఎదురుకోలు. గుడిలో నంది శివుడికి ఎదురుగానే కూర్చుంటాడు, గరుత్మంతుడు విష్ణువుకు ఎదురుగానే నిలుస్తాడు. వాళ్ళను ఎవరైనా విరోధులంటారా?

జ్యోతిషంలో ఈ ఎదురుకు సమసప్తకం అని పేరు. ఒక రాశి నుంచి లెక్కపెడితే ఏడోది దానికి ఎదురు రాశి, అక్కడి నుంచి మళ్ళీ ఏడోది మొదటిదే. లగ్నం "నేను" అయితే, సప్తమం నా ఎదుట నిలిచిన మనిషి. అందుకే అది కళత్ర స్థానం, అంటే జీవిత భాగస్వామి స్థానం అయింది. వధూవరుల పొంతన చూసేటప్పుడు ఇద్దరి రాశులు సమసప్తకంలో పడితే చాలామంది మంచిదనే అంటారు. పెళ్ళి దగ్గర దీవించిన ఎదురునే పుట్టుక దగ్గర దోషంగా చూడటం నా మనసుకు ఎక్కదు. తాటంకం కూడా సుమంగళి చిహ్నమే. అంత కాలకూటం మింగినా శంభుడికి కాలం మూడలేదంటే అది నీ తాటంకాల మహిమే తల్లీ అంటుంది సౌందర్యలహరి.

తిథి లెక్క చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అమావాస్య ముగిసే క్షణాన ఇద్దరి మధ్య దూరం సున్నా. పదిహేను పన్నెండ్లు 180, అంటే చక్రంలో సరిగ్గా సగం. ఆ 180 నిండిన క్షణంతో పౌర్ణమి తిథి ముగుస్తుంది. (అందుకే పౌర్ణమి తిథి మొదట్లో పుట్టినవారి చక్రంలో చంద్రుడు ఒక్కోసారి ఎదురు గడికి ఒక గడి ముందే కనబడతాడు, కంగారు పడనక్కర్లేదు.) సూర్యుడికి అతి దగ్గరగా ఉన్న రోజు చంద్రుడు అసలు కనబడడు. దూరం జరిగేకొద్దీ నిండుతాడు. ఎంత దూరం జరగవచ్చో అంత దూరం జరిగి, ముఖం పూర్తిగా సూర్యుడి వైపు ఉన్న రోజున పూర్ణుడవుతాడు. గ్రహాల బలాలు లెక్కకట్టే షడ్బలంలో కూడా చంద్రుడి పక్షబలం అమావాస్యకు సున్నా, పౌర్ణమికి నిండు.

ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికి చక్కటి పోలిక చెప్పాడు. నీటిమయమైన చంద్రుడి మీద పడిన సూర్యకిరణాలు రాత్రి చీకటిని పోగొడతాయట, అద్దం మీద పడిన ఎండ ఇంటి లోపలి చీకటిని పోగొట్టినట్టు. చిన్నప్పుడు మనమందరం చేసిన ఆటే ఇది. గుమ్మంలో అద్దం పట్టుకుని ఎండను లోపలి గోడ మీదికి తిప్పేవాళ్ళం. అద్దం పక్కకు వాలితే గోడ మీది వెలుగు ముక్క జారిపోతుంది. ఎండకు ఎదురుగా పట్టుకుంటేనే లోపలి మూల దాకా వెళుతుంది.

ఎదురెదురు రాశుల జంటలు ఆరు. మేషానికి తుల, వృషభానికి వృశ్చికం, మిథునానికి ధనుస్సు, కర్కాటకానికి మకరం, సింహానికి కుంభం, కన్యకు మీనం. వీటి తత్వాలు చూసిన రోజున నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. మేషం, సింహం, ధనుస్సు అగ్ని రాశులు. వాటికి ఎదురుగా ఉన్న తుల, కుంభం, మిథునం మూడూ వాయు రాశులు. వృషభం, కన్య, మకరం భూతత్వం. వాటికి ఎదురుగా ఉన్న వృశ్చికం, మీనం, కర్కాటకం మూడూ జలతత్వం. రాశిచక్రం మొత్తంలో అగ్నికి ఎదురుగా నీరు ఎక్కడా లేదు. నిప్పుకు ఎదురుగా దాన్ని రగిలించే గాలి ఉంది, మట్టికి ఎదురుగా దాన్ని తడిపే నీరు ఉంది. ఈ జంటల గురించి ఎన్ని ఫలితాలు చదివినా నాకు ఇంతకంటే పెద్ద ఊరట దొరకలేదు.

ఇక మా పిల్ల వైశాఖ పున్నమి, దాని నీచ చంద్రుడి సంగతి.

చంద్రుడికి పరమోచ్చ వృషభంలో 3 డిగ్రీలు, పరమనీచ వృశ్చికంలో 3 డిగ్రీలు. సూర్యుడికి ఉచ్చ మేషంలో 10 డిగ్రీలు, నీచ తులలో 10 డిగ్రీలు. ఏ గ్రహానికైనా ఉచ్చకు సరిగ్గా ఎదురు చోటే నీచ. వైశాఖ పున్నమికి చంద్రుడు విశాఖలో గానీ దాని పక్కన గానీ ఉంటాడు, మాసానికి ఆ పేరు వచ్చిందే అందుకు. ఏడాదిని బట్టి అది తుల చివర కావచ్చు, వృశ్చికం మొదలు కావచ్చు. మా పిల్లకు వృశ్చికం. మరి సూర్యుడెక్కడున్నాడు? వృషభంలో. అంటే చంద్రుడి ఉచ్చ రాశిలో కూర్చుని, నీచలో ఉన్న చంద్రుణ్ణి నిండు దృష్టితో చూస్తున్నాడు. ఏ గ్రహమైనా తన సప్తమాన్ని పూర్ణ దృష్టితో చూస్తుందనేది పరాశరుడి పద్ధతిలో మొదటి పాఠం. నీచ స్థానంలో ఉన్నా ఆ రోజు చంద్రుడు ఆకాశంలో తక్కువ వెలిగాడా? పదహారు కళలతోనూ వెలిగాడు.

ఆరు నెలలు గడిస్తే కార్తికం వస్తుంది. అప్పుడు సూర్యుడు తులలో, తన నీచ రాశిలో ఉంటాడు. కొన్నేళ్ళు పున్నమి నాటికి ఇంకా అక్కడే ఉంటాడు, కొన్నేళ్ళు వృశ్చికంలోకి దాటేస్తాడు. తులలోనే ఉన్న ఏడాదిలో చంద్రుడు మేషంలో, అంటే సూర్యుడి ఉచ్చ రాశిలో కూర్చుని, నీచలో ఉన్న సూర్యుడి వైపు చూస్తాడు. వైశాఖంలో ఆయన చేసిన ఉపకారం కార్తికంలో ఈయన తీరుస్తున్నట్టు. సూర్యుడు పితృకారకుడు, చంద్రుడు మాతృకారకుడు అంటారు కదా. ఒకరు కిందికి జారిన వేళ రెండోవారు వారి ఎత్తైన చోట కూర్చుని వారినే చూస్తున్నారు. తల్లిదండ్రుల గురించి ఆ పిల్లకు చెప్పాల్సింది ఇది కదా!

చోట్లు మార్చుకోవడం ఆకాశంలోనే కంటికి కనబడుతుంది. ఇవాళ పున్నమి చంద్రుడు నిలిచిన చోటికి ఆరు నెలల తర్వాత సూర్యుడు వస్తాడు. అందుకే పుష్య పున్నమి చంద్రుడు ఎండాకాలపు సూర్యుడిలా నడినెత్తి దగ్గరికి ఎక్కుతాడు, జ్యేష్ఠ పున్నమి చంద్రుడు చలికాలపు సూర్యుడిలా దక్షిణంగా కిందుగా నడుస్తాడు. కుడి కమ్మ ఎడమ చెవికి, ఎడమ కమ్మ కుడి చెవికి మారుతూనే ఉంటాయి.

పాశ్చాత్య లెక్కలో పున్నమి ఒక రాశిలో అని, మన పంచాంగంలో ఇంకో రాశిలో అని చూసి కొందరు తికమక పడతారు. రెండు లెక్కలూ రాశిచక్రాన్ని మొదలుపెట్టే చోట్ల మధ్య తేడాను అయనాంశ అంటారు, అది ఇప్పుడు 24 డిగ్రీలు దాటింది. రాశి పేరు మారవచ్చు గానీ ఎదురు మాత్రం ఏ లెక్కలోనూ మారదు, 180 ఎక్కడైనా 180 యే.

ఎదురులో భయపడాల్సింది ఏదైనా ఉందా అంటే, అది మధ్యలోకి వచ్చే నీడ. 2025 సెప్టెంబరు 7న భాద్రపద పున్నమి రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది. సూర్యుడు సింహంలో, చంద్రుడు కుంభంలో, రాహువుతో కలిసి. అప్పుడు సూర్యుణ్ణి అడ్డుకున్నది మనం నిలబడ్డ ఈ భూమే. చంద్రుడు పూర్తిగా నీడలో ఉన్న సుమారు 82 నిమిషాలూ రాగి రంగులో మిగిలాడు తప్ప మాయమవలేదు. భూమి చుట్టూ ఉన్న గాలి పొరలోంచి వంగిన సూర్యకాంతే ఆ ఎర్రదనం. అడ్డం వచ్చినా సూర్యుడు ఏదో ఒక దారిన అందుతూనే ఉన్నాడు.

తమిళనాట తిరుక్కడయూరు అభిరామి అమ్మవారి కథ చాలామందికి తెలిసే ఉంటుంది. ధ్యానంలో మునిగి ఉన్న ఆమె భక్తుడు అభిరామి భట్టర్‌ను తంజావూరు శరభోజి రాజు ఇవాళ తిథి ఏమిటని అడిగితే, నిజానికి అమావాస్య అయినా, అమ్మ ముఖకాంతే కళ్ళలో నిండి ఉండి "పౌర్ణమి" అన్నాడట. రాజు ఆగ్రహించాడు. భట్టర్ అమ్మను పాడుతూ ఉండగా ఆమె తన చెవి తాటంకం తీసి ఆకాశంలోకి విసిరిందని, అది నిండు చంద్రుడిలా వెలిగిందని చెబుతారు. ఆ కథ విన్నప్పుడల్లా నేను సహస్రనామంలోని ఈ నామం దగ్గరికే తిరిగొస్తాను. చంద్రుడు అమ్మ కమ్మే అయితే, ఆమె తలచుకున్నప్పుడు పున్నమి అవుతుంది.

రెండు కమ్మలు ఎప్పుడూ ముఖానికి చెరోవైపునే ఉంటాయి. ఒకటి ఇంకొకదాని దగ్గరికి వెళ్ళాలని చూడదు. వాటి మధ్య ఉన్నది పోట్లాట కాదు, అమ్మ ముఖం. గీతలో భగవంతుడు, సూర్యుడిలో ఉండి జగత్తునంతా వెలిగించే తేజస్సూ, చంద్రుడిలో ఉన్నదీ, అగ్నిలో ఉన్నదీ నాదేనని తెలుసుకో అన్నాడు. యదాదిత్యగతం తేజో జగద్భాసయతేఽఖిలమ్, యచ్చంద్రమసి యచ్చాగ్నౌ తత్తేజో విద్ధి మామకమ్. రెండు దిక్కులా ఉన్న వెలుగు ఒక్కరిదే.

ఇదంతా ఆ పిల్లకు ఒక్కసారే చెప్పలేదు. తర్వాతి పున్నమికి సాయంత్రం పైకి తీసుకెళ్ళి ఉత్తరం వైపు నిలబెట్టి, చేతులు చాపమన్నాను. కాసేపు అటూ ఇటూ చూసింది. "ఇద్దరూ నన్నే చూస్తున్నారు పెద్దమ్మా" అంది. అమ్మవారి నామం అప్పుడు చెప్పాను. పడుకునే ముందు రెండుసార్లు అడిగి మరీ నేర్చుకుంది, తపనోడుప దగ్గర నాలుక తిరగక నవ్వింది.

మర్నాడు తెల్లవారుజామున అదే నన్ను లేపింది. మళ్ళీ పైకి వెళ్ళాం. ఇప్పుడు కుడిచేతి వైపు తూర్పున సూర్యుడు, ఎడమచేతి వైపు పడమట దిగుతున్న చంద్రుడు. "కమ్మలు మార్చుకుంది" అంది, రెండు చేతులూ చాపి అలాగే నిలబడి.